కాగితం కింద పేరు

పొద్దున ఏడింటికి కూతురి సంచి సర్దుతుంటే లెక్కల పుస్తకం అట్టలోంచి ఐదు కాగితాలు జారి కింద పడ్డాయి. ఆవిడ వంగి తీసింది. ఒకదాని మీద ఎర్ర సిరాతో ఇరవైకి ఆరు. ఇంకోదాని మీద రెండు. తక్కినవి తొమ్మిది, ఐదు, పదకొండు. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. ప్రతి కాగితం కింద కుడి మూలన కూతురి పేరు, దాని పక్కనే మామగారి సంతకం.

ఇంట్లో ఆవిడకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు. పెట్టినవాడు భర్త. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ల లైనుకు ఆవిడే సూపర్‌వైజరు. ఒక్క కుట్టు తప్పినా ఆ కాలరు పక్కకు పడాల్సిందే. కొత్తవాళ్లు మొదటి నెల కుట్టిన కాలర్ల మీద, నేర్పినవాళ్ల నంబరు సుద్దతో వేయడం ఆ లైను పద్ధతి. ఈ మధ్య ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరిన ఆడవాళ్లకు ఆవిడ మాట అర్థం కాదు, వాళ్ల మాట ఆవిడకు అర్థం కాదు. కుట్టు బాగుంటే గోటితో రెండుసార్లు తట్టి చూపిస్తుంది. అలాగే ఆరుగురికి పని నేర్పింది. కానీ తప్పులు వెతికే కంటిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలి రావడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. ఇంట్లో పాలప్యాకెట్టు మీద తేదీని కూడా రెండుసార్లు చూస్తుంది.

కూతురు చదివే సర్కారు బడి మీద ఆవిడకు మొదటి నుంచీ గురి లేదు. ఊళ్లోని బడుల మార్కుల జాబితాలో ఆ బడి కింద నుంచి మూడోది. నాలుగో తరగతిలో ముప్పైనాలుగు మంది ఉంటే ఇళ్లలో మాట్లాడే భాషలు ఐదు. రెండు నెలల కిందట, మన మాట రాని కొత్త పిల్లను కూతురి పక్కన కూర్చోబెట్టారని తెలిసి, వెళ్లి సీటు మార్పించి మరీ వచ్చింది. ప్రైవేటు బడిలో చేర్చడానికి గడువు ఈ రోజుతో ఆఖరు. ఫారం నింపి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది కూడా. సంతకం ఒక్కటే బాకీ.

కాగితాలు బల్ల మీద పరిచి కూతుర్ని పిలిచింది.

"చిట్టీ, ఏంటివి?"

చిట్టి ముఖం పాలిపోయింది. "అవి నావి కావమ్మా."

"కింద పేరెవరు రాశారు?"

"నేనే."

"పేరు నువ్వే రాస్తావు, కాగితం మాత్రం నీది కాదు. నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

భర్త డ్యూటీకి వెళ్తూ చెప్పులు వేసుకుంటున్నాడు. "కోర్టు మొదలైందిరోయ్," అని మెల్లగా జారుకున్నాడు.

మామగారు పేపరు మడిచారు. బస్సు కండక్టరుగా రిటైరయిన మనిషి. మనవరాల్ని బడికి తీసుకెళ్లడం, తీసుకురావడం ఆయన పనే. కోడలు ఆయన వైపు తిరిగింది.

"మామయ్యా, నాకు తెలియకుండా సంతకాలు పెడుతున్నారా? దీన్ని ఇలా నాశనం చేయడానికి ఎన్నాళ్లనుంచి ఇద్దరూ ఒక్కటయ్యారు?"

"నా మాట నువ్వెటూ నమ్మవమ్మా. ఆ కాగితాలు తీసుకుని బడికి రా. టీచరమ్మనే అడుగు."

"వస్తాను. అటే సంతకం పెట్టేసి దీని పేరు తీయించేస్తాను."

చిట్టి ఏడుపు ఆపుకుంటూ తాతయ్య చెయ్యి పట్టుకుంది. బడి దాకా వాళ్లిద్దరూ ముందు నడుస్తుంటే, ఆవిడ వెనకనుంచి ఇద్దరి వీపుల్నీ అనుమానంగా చూస్తూనే ఉంది.

టీచరు కాగితాలు చూసి ఆశ్చర్యపోలేదు. "పైన రోల్ నంబరు చూశారా?"

చూసింది. ముప్పైఒకటి.

"మీ పాప నంబరు ఎంత?"

ఆవిడ లైనులో నలభై మిషన్ల నంబర్లు కళ్లు మూసుకుని చెప్పగలదు. కూతురి నంబరు తెలియదు.

"తొమ్మిది," అంటూ టీచరు రిజిస్టరు తిప్పి చూపించింది. తొమ్మిదో నంబరు పక్కన పద్దెనిమిది, పంతొమ్మిది, పదిహేడు, పంతొమ్మిది, ఇరవై. "ఇవి ఆ కొత్త పిల్లవి. లెక్క నేర్పిన పిల్ల, కాగితం కింద తన పేరు రాసి, ఇంటికి తీసుకెళ్లి, ఎక్కడ తప్పిందో చూసుకుని రావాలి. అది మా పద్ధతి. మీరు సీటు మార్పించాక మీ పాపే మళ్లీ వచ్చి అడిగింది, నేను నేర్పుతానని. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలన్నాను. ప్రతి కాగితం మీదా తాతగారు సంతకం పెట్టారు. మీకు తెలుసనుకున్నాను."

"చెబితే నువ్వు ఒప్పుకునేదానివా అమ్మా?" అన్నారు మామగారు, నేల చూస్తూ.

ఆవిడ కాగితాల మీది తేదీలు చూసింది. తేదీల వరసలో పేర్చింది. రెండు, ఐదు, ఆరు, తొమ్మిది, పదకొండు. పొద్దున ఇవే అంకెలు చూసింది. పెరుగుతున్నాయని ఆవిడ కంటికి తోచనే లేదు.

"జాబితాలో మేం కిందే ఉన్నాం, నిజమే," అంది టీచరు. "రెండు నుంచి పదకొండుకు వచ్చిన పిల్లకు ఆ జాబితాలో గడి లేదు."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కూడా కొత్తవాళ్ల కాలర్ల మీద నీ నంబరు వేస్తావుగా. నువ్వే కనుక్కుంటావనుకున్నా."

తన మాట అర్థం కాని ఆరుగురికి పని నేర్పానని లైనంతా చెప్పుకునే మనిషి, తన కూతుర్ని మాత్రం అలాంటి పిల్ల పక్కన కూర్చోనివ్వలేదు. పొద్దున పిల్ల నిజం చెప్పింది. ఒక్క ముక్క నమ్మలేదు.

అంతలో గుమ్మం దగ్గర రెండు జడల పిల్ల వచ్చి నిలబడింది. తన కాగితాలు ఆవిడ ముందు చూసి బిక్కచచ్చిపోయింది. మళ్లీ సీటు మారుస్తారని భయం కాబోలు.

ఏ భాషలో పిలవాలో ఆవిడకు తెలియలేదు. చేత్తో రమ్మంది. పిల్ల దగ్గరికొచ్చాక, పదకొండు అంకె మీద గోటితో రెండుసార్లు తట్టింది.

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. నవ్వేసింది. తన గోటితో బల్ల మీద రెండుసార్లు తిరిగి తట్టింది.

"దానికది తెలుసమ్మా," అంది చిట్టి. "వాళ్లమ్మ మీ ఫ్యాక్టరీలోనే. ఇంట్లో ఇది ఏం బాగా చేసినా అలాగే తడుతుందట. పనిలో వాళ్ల మేడమ్ నేర్పిందట."

ఆవిడ పమిటచెంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మామగారు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. పదకొండు వచ్చిన కాగితం మీద, ఆయన సంతకం పక్కన తనదీ పెట్టింది. ఫారం హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది.

"క్షమించండి మామయ్యా," అంది బయటికొచ్చాక.

"ఆ మాట చెప్పాల్సింది నాతో కాదమ్మా," అన్నారాయన. "సాయంత్రం నువ్వే వచ్చి చిట్టిని తీసుకెళ్లు."