ఏడుపు పెట్టె

కృపావతిని చంపింది కడుపులో గడ్డ కాదు, దరఖాస్తులు.

ఈ విషయంలో ఏసోబుకు ఏ అనుమానమూ లేదు. డాక్టరు కాగితం మీద ఇంకేదో రాశాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ఇంకేదో చెప్పారు. ఏసోబు రెండూ విన్నాడు, రెండూ నమ్మలేదు. నొప్పి మొదలైన నాటి నుంచి ఆమె నోట అతను విన్న మాట ఒకటే: "ఈ ఒక్క దరఖాస్తు పంపిచ్చి పోదాంలే ఆస్పత్రికి." అది పంపేలోపు ఇంకొకటి వచ్చి కూర్చునేది. దరఖాస్తుకు గడువుండేది. నొప్పికి ఎవరూ గడువు పెట్టలేదు.

ఆ దరఖాస్తులన్నీ ఒక పిట్ట కోసం. గుండ్లపెంట బీడులో తిరిగే బట్టమేక పిట్ట నిలబడితే మనిషి నడుమంత ఎత్తుంటుంది. ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ గడ్డిలో, నేల మీద. ఎగిరేటప్పుడు దానికి పక్కలు కనిపిస్తాయి గానీ ఎదురుగా ఉన్న కరెంటు తీగ కనిపించదు. రెండువేల ఎనభై నాటికి దేశంలో మిగిలిన ఆ జాతి పిట్టలన్నీ గుండ్లపెంటలోనే ఉన్నాయి. వాటి నెత్తిన పెద్ద లైను ఒకటి బీడును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఆ తీగలను తీసి భూమిలో పాతితే పిట్ట బతుకుతుంది, లేకుంటే లేదు. అందుకు కావలసిన డబ్బు కోసం కృపావతి గడ్డినేల సంఘం పెట్టి, ఇరవై ఏళ్లుగా దేశంలోని ట్రస్టులన్నిటికీ రాసుకుంటూ పోయింది.

ఏసోబు ఆ లైను మీదే లైన్‌మన్‌గా చేశాడు. వాళ్ల పరిచయం కూడా అక్కడే. ఒకరోజు అతను స్తంభం మీదుండగా కింద ఎవరో ఆడమనిషి చచ్చిన పిట్టను రెండు చేతులా ఎత్తుకొచ్చి స్తంభం మొదట్లో పెట్టింది.

"దిగు కిందికి! నీ తీగకు తగిలి సచ్చిపోయినాది. దిగొచ్చి దీని మొగం జూడు!"

అతను దిగాడు. "ఆ పొద్దు దిగకుండా ఉండాల్సింది, ఇంతవరకూ వచ్చేది కాదు" అని పెళ్లిలో అందరినీ నవ్వించాడు.

కృపావతి రాసే రోజుల్లోనే దరఖాస్తుల కాలం ముగిసిపోయింది. రాసే యంత్రాలు వచ్చాక ప్రతి సంఘం దరఖాస్తూ అద్భుతంగానే ఉండేది. అన్నీ అద్భుతంగా ఉంటే ఏది నిజమో ట్రస్టీలకు తేలేది కాదు. అప్పుడు కర్నూలు ప్రయోగశాలలో డాక్టర్ నస్రీన్ అనే ఆవిడ వేదనావాహినిని తయారు చేసింది. ఇంగ్లీషులో దాన్ని ఎంపథీ ట్రాన్స్‌డ్యూసర్ అన్నారు. జనం మాత్రం ఏడుపు పెట్టె అన్నారు, ఆ పేరే నిలిచింది.

అది చేసే పని ఒకటే. దరఖాస్తు పెట్టుకున్న మనిషి తలకు ఒక పట్టీ కట్టుకుని తన బాధను తలుచుకుంటాడు. ఆ సమయంలో మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను పెట్టె పట్టి, వేదనాముద్రగా భద్రం చేస్తుంది. తర్వాత ట్రస్టీలు అలాంటి పట్టీలే కట్టుకుంటే ఆ బాధ ఉన్నదున్నట్టు వాళ్లలో పుడుతుంది. బొమ్మలు రావు, మాటలు రావు, బాధ ఒక్కటే వస్తుంది. అది దేని గురించో తెలియాలంటే పక్కనున్న తెర మీద చూడాలి. నటించేవాళ్లను పెట్టె కనిపెట్టేస్తుంది. "మాట అబద్ధమాడుతుంది, మెదడు ఆడదు" అని నస్రీన్ చాలా సభల్లో చెప్పింది.

మెదడు అబద్ధమాడకపోయినా జనం దారి కనుక్కున్నారు. బాధ నిజమైతే చాలు, అది దేనిదైనా ఒకటే. సంఘాలు బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లనీ, ఇల్లు కాలిపోయినవాళ్లనీ వెతికి పట్టుకోవడం మొదలుపెట్టాయి. నంద్యాలలో ఒక విధవ తన ఒక్క ఏడుపునే ఒక నదికీ, ఒక కొండకీ, రాబందులకీ ఇచ్చింది. ఏడుపు కూలి అనే మాట పుట్టింది. ఎవరికీ సిగ్గనిపించలేదు. నది బాగుపడింది కదా అన్నారు.

కృపావతి ఒక్కతే పట్టీ కట్టుకోనంది. "పిట్టను జూసి ఇయ్యాల, నా మొగం జూసి గాదు" అనేది. కాగితాలు తీసుకునే ట్రస్టులు ఇంకా అక్కడక్కడా మిగిలుంటే వాటికే రాస్తూ పోయింది. రాస్తూనే పోయింది.

ఆమె పోయిన ఎండాకాలంలో నస్రీన్, సంఘం కార్యదర్శి మద్దిలేటి కలిసి ఏసోబు ఇంటికి వచ్చారు. మద్దిలేటి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏసోబన్నా, నీలధార ట్రస్టు ఒక్కటే మిగిలింది. వానలు పడితే జతకట్టను ఎగుర్తాయి, ఆలోపల తీగలు దిగకుంటే ఇంగ పిట్ట లేదు. నా ఏడుపును పెట్టె ఒప్పుకోలేదు."

"ఏం, నువ్వు సరిగా ఏడ్వలేదా?"

"బాగనే ఏడ్చినా. పిట్టను తలుసుకోని వెక్కి వెక్కి ఏడ్చినా. ఇందులో ఆశ కలిసింది, తీవ్రత చాలదు అనె."

"ఆశ కలిసిందా? పాలల్లో నీళ్లు కలిసినట్లా?"

"అట్లనే అనుకో."

ఏసోబు నస్రీన్ వైపు తిరిగాడు. "ఏం మేడం, ఆశ ఉంటే మీ పెట్టెకు పనికిరాదా?"

"పనికొస్తుందన్నా. కానీ తీవ్రత తక్కువ చూపిస్తుంది. తక్కువ వచ్చినవాటిని ట్రస్టులు చూడవు. వాళ్ల దగ్గరకు రోజుకు ఎన్నో వస్తాయి" అంది ఆమె. మళ్లీ తనే, "మీ దగ్గర ఉందన్నా" అంది.

"ఏం ఉంది?"

ఆమె తలుపులోంచి కనిపిస్తున్న కృపావతి ఫోటో వైపు చూసింది. 

"వద్దన్న మనిషి మట్టిలో ఉంది. ఆమెకు ఇష్టంలేని పని ఆమె పేరు మీద చేయమంటారా?" అన్నాడు ఏసోబు.

"అక్కకు ఇష్టమైంది ఇంకా బీడులో తిరుగుతాండాదన్నా. పొద్దున్నే చూసొచ్చినా. ఉన్న ఒక్క మగపిట్టా అరుస్తాంది" అన్నాడు మద్దిలేటి.

ఏసోబు లేచి ఇంట్లోకి పోయాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. "కట్టండి" అన్నాడు.

పట్టీ చల్లగా ఉంది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. మంచం మీద కూడా కృపావతి ఒళ్లో ఉన్న దరఖాస్తు గుర్తొచ్చింది. అతని పళ్లు బిగుసుకున్నాయి.

పెట్టె మెత్తని ఆడగొంతుతో చెప్పింది: "ఇది కోపం. వేదన కాదు."

"కోపానికి ఇయ్యరా?" అన్నాడు ఏసోబు.

"కోపానికి ఎవరూ ఇవ్వరు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

మళ్లీ కోపమే వచ్చింది. మూడోసారీ అదే. నస్రీన్ పట్టీ విప్పబోయింది. ఏసోబు చెయ్యెత్తి ఆగమన్నాడు.

అతను ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. సాయంత్రం బీడు నుంచి వచ్చేసరికి కృపావతి చీర అంచంతా గడ్డి ముళ్లు పట్టుకుని ఉండేది. ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపేది. అతను లైను పనికి వాడే చిన్న పట్టకారుతో ఒక్కొక్క ముల్లే లాగేవాడు. "బీడునంతా ఇంటికి మోసుకొస్తివే, ఎద్దునైతే చెరువుకు తోలి కడిగేవాణ్ని" అని తిట్టేవాడు. ఆమె నిద్రపోయేది. సమాధి చేసి వచ్చిన రోజు గూట్లో ఆమె ఆఖరిసారి కట్టి విడిచిన చీర కనిపించింది. అంచు నిండా ముళ్లున్నాయి. ఏసోబు పట్టకారు తెచ్చుకుని కూర్చున్నాడు. ఎప్పటిలాగే తిడుతూ తీశాడు. ఆఖరి ముల్లు చేతికొచ్చాక రేపు తీయడానికి చీర లేదని అర్థమైంది.

 పెట్టె చెప్పింది: "వేదన. ఇంత తీవ్రత ఇంతకుముందు నమోదు కాలేదు. ఇందులో ఆశ కలవలేదు."

నస్రీన్ మొహం తిప్పుకుంది. మద్దిలేటి సంతోషం ఆపుకోలేక ఏసోబు భుజం పట్టుకున్నాడు. వెంటనే సిగ్గుపడి వదిలేశాడు.

నీలధార ట్రస్టు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ముగ్గురూ వెళ్లారు. గోడంత తెర మీద గుండ్లపెంట బీడు కనిపిస్తోంది. అప్పటికప్పుడు బీడు కెమెరా పంపుతున్న దృశ్యం. గడ్డి గాలికి వంగుతోంది, గడ్డిలో ఒక బట్టమేక మెడెత్తి నిలబడింది. ట్రస్టీలు పట్టీలు కట్టుకున్నారు. ఏసోబు తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

మొదట ఒక పెద్దావిడ చేతిలోని పెన్ను కిందపడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. తర్వాత గదిలో ఉన్నవాళ్లందరూ ఏడ్చారు. చెయిర్మన్ విశ్వంభర్ గారు, మంచి సూటూ బూటూ వేసుకున్న ముసలాయన, బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన ఏడుపు వాళ్లు ఏడుస్తుంటే ఏసోబు ఎటు చూడాలో తెలియక గోడ మీది గడ్డినే చూస్తూ కూర్చున్నాడు.

విశ్వంభర్ గారు పట్టీ విప్పి, లేచొచ్చి ఏసోబు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మేం ఆలస్యం చేశాం. క్షమించండి."

"ఇంగా వానలు పడలేదు సార్. ఆలస్యమేం గాలేదు" అన్నాడు మద్దిలేటి ఆత్రంగా.

విశ్వంభర్ గారు మద్దిలేటి వైపు జాలిగా చూశాడు. "మీరు అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తున్నాం. ఆ బీడులో ఆ పక్షికి ఒక స్మారకం కట్టిద్దాం. పాలరాతిలో, దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చూసేలాగా."

మద్దిలేటికి అర్థం కాలేదు. "స్మారకమా? పిట్ట బతికే ఉండాది గద సార్! అదో, ఆ తెర మీద జూడండి. ఇప్పుడే. అదో మెడ తిప్పుతాంది!"

అందరూ తెర వైపు చూశారు. ఆ పెద్దావిడ మళ్లీ కళ్లు తుడుచుకుంది.

"మనిషి పోయాక కూడా వీడియోలు చూసుకుంటూనే ఉంటాం నాయనా" అంది.

"ఇది వీడియో గాదమ్మా, ఇది ఇప్పుడు..."

"బతికే ఉందనిపించడం ఆ బాధలో భాగమే బాబూ" అన్నాడు విశ్వంభర్ గారు మెత్తగా. "నేను చదివి చెప్పడం లేదు. ఇప్పుడే అనుభవించాను. ఆ పక్షి ఇక లేదు. నా ప్రాణానికి తెలుసు."

మద్దిలేటి తెర దగ్గరికి పరుగెత్తి పిట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు. లెక్కలు చెప్పాడు. రేపు ఉదయమే బండి పంపిస్తాను, వచ్చి చూడండని బతిమాలాడు. వాళ్లు అతన్ని తిట్టలేదు, కాదనలేదు. చావింట్లో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడారు. ఒకాయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఏసోబు అప్పుడు నోరు తెరిచాడు. "అది పిట్ట కోసం పడిన బాధ గాదు సార్. నా భార్య కోసం."

ఆ మాటకు విశ్వంభర్ గారు మళ్లీ ఏడ్చాడు. "అవునండీ, ఆ పక్షి మీకు అంతటిది" అన్నాడు.

మెట్లు దిగుతుంటే నస్రీన్ గోడ పట్టుకుని ఆగిపోయింది. "బాధ ఎవరి కోసమో పెట్టె మోయదన్నా. కానీ అంతా అయిపోయిందన్న సంగతి మోసింది. నేను దాన్ని గమనించలేదు. ఆశ ఉన్నవాటినల్లా తీవ్రత చాలదని వెనక్కి పంపేలా పెట్టెను చేసింది నేనే."

ఏసోబు మెట్లు దిగుతూ పోయాడు. తిట్టడానికి అతనికి మాటలు లేక కాదు. ఏ మాట అన్నా పెట్టె చెప్పినట్టు అది కోపమే అవుతుంది.

స్మారకం వానలకు ముందే పూర్తయింది. తెల్లని రాతి పిట్ట మెడెత్తి నిలబడింది. చెక్కినవాడు మంచి పనివాడు. దాని చుట్టూ దీపాలు పెట్టారు. ఆ దీపాల కోసం పెద్ద లైను నుంచి కొత్త తీగ లాగారు. తీగ ఏ ఎత్తున పోతోందో ఏసోబు చూశాడు. చూసి ఇంజనీరుకు చెప్పాడు. ఇంజనీరు, "పిట్టలు లేవు గద పెద్దాయనా, ఇంకెవరికి తగుల్తుంది?" అన్నాడు.

మొదటి వాన పడిన మర్నాడు ఉదయం మద్దిలేటి మగపిట్టను రెండు చేతులా ఎత్తుకుని ఏసోబు ఇంటికి వచ్చాడు. దాని మెడ వేలాడుతోంది. అరుగు మీద పెట్టి పక్కనే కూలబడ్డాడు.

"నస్రీన్ మేడం ఫోన్ జేసింది" అన్నాడు. "నీ ముద్రను చెరిపెయ్యమని అడిగితే ట్రస్టోళ్లు ఒప్పుకోలేదంట. అది వాళ్ల సొత్తంట. ఏటా స్మారకం దినాన అందరూ పట్టీలు కట్టుకోని కూసుంటారంట. అంత మంచి ఏడుపు మళ్లీ దొరకదంట."

ఏసోబు పిట్ట రెక్క సరిచేశాడు. రెక్కల సందున గడ్డి ముళ్లున్నాయి.

"ఇంగా ఆడపిట్టలుండాయన్నా" అన్నాడు మద్దిలేటి.  "దీన్ని తీసకపోదాం పా. అక్క ఆ పొద్దు నీ ముందర పెట్టినట్ల వాళ్ల ముందర పెడదాం. దీని మొగం జూస్తారు గద."

"నేను దిగినాను" అన్నాడు ఏసోబు. "వాళ్లు దిగరు."

అతను లోపలికి పోయి ఆ చీర తెచ్చాడు. ముళ్లన్నీ తీసిన చీర. పిట్టను అందులో చుట్టాడు. ఇద్దరూ వెళ్లి కృపావతి కాళ్ల దగ్గర గొయ్యి తీసి పూడ్చారు. మద్దిలేటి నాలుగు మాటలు చెప్పబోయాడు. ఏసోబు గడ్డపార భుజాన వేసుకున్నాడు.

"ఈ సంగతి నా దగ్గర ఇంగెవరూ ఎత్తగూడదు. నువ్వూ ఎత్తగూడదు. మేడానికి చెప్పు, పెట్టెకు చెప్పు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.