ఇసుకలో గీసిన రాజ్యం

పూర్వం సైకతపురమనే రాజ్యంలో కొండలూ వాగులూ ముందు ఇసుకలో పుట్టేవి. సాయంకాలం కోట ముందున్న ఇసుక అరుగు చుట్టూ జనం చేరేవారు. ఒకరు వేలితో కొండ గీస్తే, పక్కవారు దానికి గుహను చేర్చేవారు. ఇంకొకరు ఆ గుహలో ఎలుగుబంటిని పెట్టేవారు. తెల్లవారేసరికి అవన్నీ నిజంగా నిలిచేవి. కట్టుబాటు ఒక్కటే: ఎదుటివారు గీసింది చెరపకూడదు, దానికి ఏదైనా చేర్చవచ్చు.

విభావసుడు రాజయ్యాక ఆ వంకర గీతలను చూసి సహించలేకపోయాడు. అందరూ వెళ్లాక తనకు నచ్చనివన్నీ చెరిపి, ఒంటరిగా అందమైన దేశాన్ని గీయసాగాడు. అతడు గీసినదేదీ నిలవలేదు. చెరిపిన చోటల్లా తెల్లదనం పుట్టి పొలాలనూ వీధులనూ మింగుతూ వచ్చింది. చెంగల్వ అనే పిల్ల తల్లి కట్టెలమ్మి బతికేది; ఒకనాడు ఆమె అందులో కలిసిపోయింది.

చెంగల్వను ఎక్కువగా భయపెట్టింది మరొకటి. తల్లి ముఖం ఆమె మనసులోంచి కూడా చెరిగిపోతోంది. గొంతు అప్పుడే మరిచిపోయింది. ఇంకా ఆగితే వెతకవలసింది ఎవరినో కూడా తెలియదు. ఆమె అరుగు మీది ఇసుక మూట కట్టుకొని, రాజును తిట్టుకుంటూ తెల్లదనంలోకి నడిచింది.

అవతలి ఒడ్డు లేని నది ఒకటి అడ్డొచ్చింది. నీటి పక్కన ఒంటిరెక్క కొంగ నిలబడి ఉంది. రాజు దాన్ని సగం చెరిపి వదిలేశాడు. చెంగల్వ ఇసుక పరిచి వంతెన గీసింది. ఆ తెల్లదనంలో గీసింది అప్పటికప్పుడే లేచి నిలిచింది.

"దాని కింద మొసలి ఉంది," అంటూ కొంగ ముక్కుతో మొసలిని గీసింది.

"నీ మొహం! మా అమ్మ కనపడక నేను చస్తుంటే నీకు మొసలి కావాలా?" అని చెంగల్వ దాన్ని చెరిపేసింది.

వంతెన మీద అడుగు పెట్టగానే అది కూలింది. మునిగిపోతున్న పిల్లను కొంగ ఓణీ పట్టి లాగింది.

"దారి పొడుగునా రాజుగారిని తిట్టుకుంటూ వచ్చావు గదా! ఇప్పుడు నువ్వు చేసిందేమిటి?"

చెంగల్వ తడిబట్టలతో కూలబడి ఏడ్చింది. తాను అసహ్యించుకున్న మనిషి తన వేలి కొసలోనే ఉన్నాడు. భయమేసి అతడూ ఇలాగే చెరిపి ఉంటాడు. ఆమె మొసలిని మళ్లీ గీసింది. "ఇది ముసలిది. పళ్లూడిపోయాయి. మనుషుల్ని వీపు మీద దాటిస్తుంది," అంది. అవతల ఒడ్డుందని కొంగ చేర్చింది.

"దాటిస్తాను సరే, రెండు పళ్లయినా ఉంచావు కాదు గదే!" అని సణుగుతూ మొసలి ఆమెను దాటించింది.

అక్కడ రాజు చెరిపిన గీతలన్నీ ముద్దకట్టి ఒక రాక్షసుడిగా నిలిచాయి. వాడి భుజాల మీద కళ్లు, మోకాళ్ల మీద నోళ్లు.

"మా అమ్మను ఇచ్చెయ్," అంది చెంగల్వ.

"నువ్వు గీయి. నేను చేరుస్తాను. నా మాట చెరిపావో, నువ్వూ నాలో కలిసిపోతావు."

ఆమె వేలితో తల్లిని గీసింది. ముఖం దగ్గర వేలు ఆగిపోయింది. ఏమీ గుర్తు రాలేదు.

"మీ అమ్మ వస్తుంది," అన్నాడు రాక్షసుడు. "కానీ నిన్ను గుర్తుపట్టదు."

చెంగల్వ అరచెయ్యి ఇసుక మీదికి లేచింది. ఆ బతుకు కన్నా వాడిలో కలిసిపోవడమే నయమనిపించింది. తలెత్తి చూసింది. వాడి కళ్లలో ఆకలి లేదు. మళ్లీ చెరిపేస్తారేమోనన్న భయముంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గుర్తుపట్టదు," అంది. "అయినా ఎవరో పిల్ల ఎదురైతే, అన్నం తిన్నావా అని అడుగుతుంది."

రాక్షసుడు ఇసుక మీదికి వంగాడు. తన మాటకు మరొకరు మాట కలపడం వాడికి అదే మొదలు.

"తిన్నాక జడ కూడా వేస్తుంది," అన్నాడు మెల్లిగా.

వాడి ఒళ్లు గీతగీతగా విడిపోయింది. బావులూ వీధులూ పొలాలూ వాటి వాటి చోట్లకు మళ్లాయి. కట్టెల మోపుతో ఒక ఆడమనిషి ఎదురొచ్చింది.

"ఎవరమ్మాయివే? మొహమంతా పీక్కుపోయింది. అన్నం తిన్నావా?"

తాను చెరిపినవన్నీ ఒక పిల్ల తిరిగి తేవడం చూసి విభావసుడు సిగ్గుతో సింహాసనం దిగి, జనమందరి ఎదుట కిరీటాన్ని చెంగల్వకు పెట్టాడు. ఇసుక అరుగు చివర కూర్చుని తన వంతు కోసం ఎదురుచూశాడు. చెంగల్వ రాజ్యాన్ని చల్లగా ఏలింది. రోజూ పొద్దున్నే కిరీటం తీసి కట్టెలమ్మే ఆవిడ గుమ్మం ముందు నిలబడేది. ఆవిడ ప్రతిసారీ కొత్తగా అడిగేది. కోటలో కడుపునిండా తిని వచ్చిన రోజు కూడా రాణి, "ఇంకా లేదమ్మా," అనేది.