ఇరవై మూడో నంబరు కథ

శనివారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. జగ్గయ్యపేట పోలీస్ స్టేషన్.

"నా కథ పోయింది మేడమ్," అంది ఆ అమ్మాయి.

స్టేషన్ రైటర్ పెన్ను కింద పెట్టి మరీ నవ్వాడు. ఎస్సై సింధూర నవ్వలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల చదివే స్కూల్లోనే కథల పోటీ బహుమతులు ఇవ్వాల్సింది తను. ఉపన్యాసం ఇంకా తయారు కాలేదు. దొంగతనమైతే కనీసం చేతనైన పని.

"పేరు?"

"జాయిస్ అండి. టెన్త్. హాస్టల్లో ఉంటా. నేను కథ ఇవ్వనే లేదంటున్నారు. అబద్ధం ఆడానని ఇవాళ అందరి ముందూ సారీ చెప్పాలంట."

"ఇచ్చావా?"

"ఇచ్చా. ఫస్ట్ వస్తే ఇంటర్ సీటు ఫ్రీ అండి. రాకపోతే అమ్మతో పాటు పనికే."

వాళ్ళమ్మ రత్నమణి నందిగామలో ఇళ్ళల్లో పనిచేస్తుంది.

పది నలభై. హెడ్మాస్టర్ గది. కుటుంబరావు గారు ముందే చెమటలు తుడుచుకుంటున్నారు.

"పేట పిల్లల కథలు నందిగామలో దిద్దిస్తామండి, అక్కడి పిల్లలవి ఇక్కడ. పక్షపాతం ఉండకూడదని. కాగితం మీద నంబరే ఉంటుంది. పేర్ల లిస్టు నా బీరువాలో, తాళం నా జేబులో."

"పంపినవి ఎన్ని?"

"నలభై ఒకటి. నేనే లెక్కపెట్టి లక్క సీలు వేశా. నేనే తీసుకెళ్ళా, నేనే తెచ్చా."

"వచ్చినవి?"

ఆయన లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. కాగితాలు పెరగలేదు.

"నలభై," అన్నారు నీరసంగా.

"తెచ్చినప్పుడు చూడలేదా?"

"మార్కుల షీట్లో ఇరవై మూడుకి ఎదురుగా 'రాలేదు' అని ఉందండి. అది ఈ పిల్ల నంబరు. ఇవ్వలేదేమో, నేనే తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నా."

తన లెక్క తప్పనుకోవడానికి సిద్ధపడ్డ మనిషి, పిల్ల మాట నిజమనుకోవడానికి మాత్రం సిద్ధపడలేదు. సింధూర ఆ సంగతి మనసులో రాసుకుంది.

"పోటీలో మీ బంధువులెవరైనా ఉన్నారా?"

"మా మేనల్లుడు రాజ్‌కిరణ్."

"ఎన్నో స్థానం?"

"ముప్పై ఎనిమిది. నేనే దొంగనైతే వాణ్ణి ఇంకాస్త పైకి లాగేవాణ్ణి కదండీ!"

వాదన బలంగానే ఉంది. సింధూర మార్కుల షీటు అందుకుంది.

"ఇంకు కింద పెన్సిల్ ఏంటండీ?"

"అది వాసవాంబ గారి పద్ధతండి, నందిగామ జడ్జి. రిటైర్డ్ తెలుగు లెక్చరర్. ముందు పెన్సిల్‌తో వేస్తారు. అన్నీ చదివాక ఇంకుతో దిద్దుతారు."

సింధూర షీటుని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. ఇరవై మూడో వరుసలో 'రాలేదు' పక్కన కాగితం కాస్త గరుగ్గా ఉంది. రబ్బరు తిరిగిన చోటు. పెన్సిల్ పోయినా నొక్కు పోలేదు.

48.

"రాని కథకి యాభైకి నలభై ఎనిమిది ఎవరు వేస్తారండీ?"

కుటుంబరావు గారి నోరు తెరుచుకుంది. "కానీ ఆవిడకి ఎవరు రాశారో తెలీదు కదండీ! ఎందుకు దాస్తారు?"

అదే చిక్కు. సింధూర జాయిస్ దగ్గర రఫ్ నోట్‌బుక్ తీసుకుని, హెడ్మాస్టర్‌ని వెంటబెట్టుకుని జీపెక్కింది. దారిలో కథ చదివింది. మూడున్నర పేజీలే. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

పన్నెండు ఇరవై. వాసవాంబ గారి ఇల్లు.

"రామ్మా, కూర్చో. ఇరవై మూడా? కట్టలోనే లేదమ్మా. ఉంటే వెయ్యనా?"

మాట తొణకలేదు. చీర కొంగు మాత్రం వేలికి మూడు చుట్లు తిరిగింది.

"కాస్త మంచినీళ్ళు కావాలి మేడమ్. లేవకండి, నేనే తెచ్చుకుంటా."

సింధూర వంటింట్లోకి నడిచింది. అలమరలో గ్లాసులు తళతళలాడుతున్నాయి. వాటిని వదిలేసి కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న రెండు స్టీలు గ్లాసుల్లో ఒకటి అందుకుంది.

"అయ్యో, అది కాదమ్మా!"

వాసవాంబ గారు గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చారు. అంతలోనే ఆగిపోయారు.

సింధూర గ్లాసు తిప్పి చూసింది. అడుగున ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. రెండోదానికీ ఉంది.

ఆమె నోట్‌బుక్ తెరిచి చదివింది. "అమ్మ తాగే గ్లాసు కిటికీ గట్టు మీద ఉంటుంది. కలిసిపోకుండా దానికి ఎర్ర చుక్క. సెలవుల్లో వెళ్ళినప్పుడు నేను తెలియక అలమరలో గ్లాసు తీసుకుని తాగాను. ఆ ఇంటావిడ తిట్టలేదు. నేను తాగిన గ్లాసుకి కూడా చుక్క పెట్టింది."



"నంబరు చూసి పేరు ఎవరూ పట్టలేరు హెడ్మాస్టరు గారూ. మేడమ్ పట్టింది పేరు కాదు. గ్లాసుని," అంది సింధూర. "కానీ ఒకటి అర్థం కాలేదు మేడమ్. చదివాక కూడా నలభై ఎనిమిది ఎలా వేశారు?"

వాసవాంబ గారు గోడకి ఆనుకున్నారు.

"చదువుతుంటే ఆ ఇంటావిడ మీద ఒళ్ళు మండిపోయిందమ్మా. ఎంత రాతి గుండె అనుకున్నా. నలభై ఎనిమిది వేశా. దాహమేసి ఇక్కడికొచ్చా." కిటికీ వైపు చూడలేదు ఆవిడ. "అప్పటిదాకా... నాకు తట్టనే లేదు."

"ఫస్ట్ వచ్చిన కథ స్టేజీ మీద చదువుతారని దాచారా?"

ఆవిడ తలూపారు. బీరువాలో, పట్టుచీరల అడుగు నుంచి నాలుగు కాగితాలు తెచ్చారు. "చింపుదామనుకున్నా. చెయ్యి రాలేదు. బాగా రాసింది."

"కథ దాచినందుకు సెక్షన్ లేదు మేడమ్. ఉన్నా ఏం రాస్తాను? మార్కులు మాత్రం ఇంకుతో వేయండి. జాయిస్ వాళ్ళమ్మ పని పోతే మళ్ళీ వస్తా. అప్పుడు నీళ్ళడగను."

కుటుంబరావు గారు మార్కుల షీటు, పెన్ను తీసిచ్చారు. 'రాలేదు' కొట్టేసి, నలభై ఎనిమిది వేసి, సంతకం చేశారు వాసవాంబ గారు. నలభై మందిలో ఎవరికీ నలభై మూడు దాటలేదు.

"సారీ చెప్పాల్సింది నేనండి, అందరి ముందే," అన్నారు హెడ్మాస్టరు మెల్లగా.

డాబా మెట్లు దిగి ఖాళీ బకెట్‌తో ఒకావిడ లోపలికొచ్చింది. ఖాకీ బట్టలు చూసి బెదిరింది.

"ఏమైందమ్మగారూ?"

"మీ జాయిస్ కథకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది రత్నమణీ," అన్నారు వాసవాంబ గారు.

"నిజమాండి!" రత్నమణి ముఖమంతా విప్పారింది. "ఏం కథ రాసిందండి?"



ఎండలోంచి వచ్చిన మనిషి. చెయ్యి అలవాటుగా కిటికీ గట్టు మీదికి వెళ్ళింది. ఒక గ్లాసు సింధూర చేతిలో ఉంది. ఇంకోటి గట్టు మీదే, చుక్క పైకి కనిపిస్తూ బోర్లించి ఉంది. రత్నమణి ఆ చుక్క వైపు చూసింది. పోలీసమ్మ వైపు చూసింది. తెరిచి ఉన్న కూతురి నోట్‌బుక్ వైపు చూసింది.

వాసవాంబ గారు గబగబా అలమరలోంచి ఓ గ్లాసు తీసి అందించబోయారు.

అప్పటికే రత్నమణి కుళాయి తిప్పి, దోసిలి పట్టి తాగుతోంది.