మాజీ భార్య పేరున మిర్చి

బిందుమాధవి టేబుల్ మీద విసిరిన ఇన్‌కంటాక్స్ నోటీసును లక్ష్మీకాంత్ రెండుసార్లు చదివి, మూడుసార్లు తుమ్మాడు. మిర్చి యార్డు పక్కనే ఆఫీసు పెట్టి, మిర్చి ఘాటు పడని టాక్స్ కన్సల్టెంట్ గుంటూరు మొత్తానికి అతనొక్కడే.

"మీరు ఏడవక్కర్లేదు. నోటీసు వచ్చింది నాకు."

"ఏడుపు కాదండీ, ఘాటు." కళ్ళు తుడుచుకున్నాడు. "మీ పేరున ముప్ఫై లక్షల మిర్చి వ్యాపారం జరిగిందట. రిటర్న్‌లో చూపలేదట."

"నేను దర్శిలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మిర్చి కొంటే పావుకిలో కొంటాను. ఆరేళ్ళు నా రిటర్న్ వేశారుగా, ఒక్కసారైనా నా మొహం చూశారా?"

"లేదండి. కాగితాలు మీ ఆయన..."

"మాజీ."

"మాజీ ఆయన తెచ్చేవారు. మీ జీతం ఒక్కటే చూపించారు. ఓటీపీ కూడా ఆయనే చెప్పేవారు. ఫైల్లో మీ నంబరని ఉన్నది ఆయన నంబరే."

"నన్ను అడగాలని తోచలేదా?"

"అడగాల్సింది. తప్పు నాదే."

ఆరేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె ఒక్కసారీ వినలేదు. అందుకే ఇంకా మండింది. దర్శి నుంచి బస్సులో వస్తూ సిద్ధం చేసుకున్న తిట్లన్నీ మిగిలిపోయాయి.

"అసలు నా పేరెందుకు పెట్టాడు?"

"కోల్డ్ స్టోరేజీలో మొదటి సరుకు ఇంటావిడ పేరున పెడితే కలిసొస్తుందని ఇక్కడ నమ్మకం. ఇప్పటికీ మీ పేరున నూట అరవై టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఉన్నాయి. రేటు పెరిగింది. బయటికి తీయాలంటే మీ సంతకం కావాలి. పొద్దున్నుంచీ ఆయన నాకు నాలుగు ఫోన్లు చేశారు."

"రమ్మనండి."

అరగంటలో మాజీ మొగుడు నాగేంద్రబాబు దిగాడు.

"చూడు బిందూ, ఒక్క సంతకం. కోర్టులో అన్నీ తేలిపోయాయిగా, ఇంకా ఈ సాధింపేంటి?"

"కోర్టులో ఈ టిక్కీల ఊసెత్తలేదేం? సరుకెవరిది?"

"నాదే! డబ్బు నాది, తిరుగుడు నాది."

"మరి టాక్సు?"

"నోటీసు నీ పేరున వచ్చిందిగా..."

ఆమె కుర్చీలోంచి లేచింది. పక్క గదిలో టైపింగ్ ఆగిపోయింది.

"లాభం నీకు, నోటీసు నాకా? కాపురంలోనూ ఇంతే, వండేది నేను, ఉప్పెక్కువైందనేది నువ్వు! సరుకు నాదైతే రేపే అమ్ముకుని టాక్సు కడతా. నీదైతే, 'ఆ వ్యాపారమంతా నాదే' అని నీ చేత్తో రాసివ్వు. ఏదో ఒకటి తేల్చు."

"ఏంటే, ఇవన్నీ ఎవరు నేర్పారు? వీడా?"

"ఆయన తుమ్ముతున్నాడు. కనపడట్లా?"

నాగేంద్రబాబు ఆమెను చూశాడు, తలుపును చూశాడు. పెరిగిన రేటు గుర్తొచ్చింది కాబోలు, పెన్ను తీశాడు. అతను రాసింది ఆమె రెండుసార్లు చదివి, అప్పుడు కోల్డ్ స్టోరేజీ కాగితం మీద సంతకం పెట్టింది. అతను వెళ్తూ దడాలున వేసిన తలుపుకు గోడమీది క్యాలెండరు ఊడిపడింది.

బయట వాన మొదలైంది. ఏప్రిల్ వాన గుంటూరు వైపు ఎవరికీ సరదా కాదు. కల్లాల్లో మిర్చి ఆరబోసుకున్నవాళ్ళు ఆకాశాన్ని తిడుతూ పట్టాలు కప్పుతుంటారు. ఘాటు అణిగి, లక్ష్మీకాంత్ మాత్రం ఆ రోజు మొదటిసారి ఆమెను తేటగా చూశాడు.

"ఈ కాగితం జతచేసి జవాబు పంపిస్తాను. ఆ తర్వాత మీ ఫైలు నేను చూడనండి."

"ఏం? అరిచాననా?"

"క్లయింటుతో కాఫీ తాగకూడదని నాకో రూలుంది."

"ఎప్పట్నుంచి?"

"ఇందాక మీరు లేచి నిలబడ్డప్పట్నుంచి."

ఆమెకు కోపం రావాల్సింది. అలవాటుగా నొసలు ముడిచింది కూడా. "నాకు మగవాళ్ళ మీద కోపం ఇంకా తీరలేదండీ. సంవత్సరం పట్టొచ్చు."

"పట్టనివ్వండి. ఆరేళ్ళు అడక్కుండా ఉన్నవాణ్ణి, ఒక సంవత్సరం అడుగుతూ ఉంటాను."

ఆమె ఫైలు లాక్కుంది. మొదటి పేజీలో తన పేరు కింద ఉన్న నాగేంద్రబాబు ఫోన్ నంబరును కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది. దాని పక్కన తన నంబరు రాసింది.

"ఓటీపీ కోసం చేయొద్దు," అంది.