కొత్త బూట్ల వేటగాడు

"పెట్టె తెరవండి," అంది పోలీసు మెరెయానా తల కూడా ఎత్తకుండా.

రోవన్ తెరవలేదు. తాళంచెవి ఏ జేబులో పెట్టుకున్నాడో వాడికి గుర్తు రాలేదు మరి. వేటగాళ్ళ ప్యాంటుకి జేబులకేం తక్కువ! పైన వెతికాడు, కింద వెతికాడు, మోకాళ్ళ దగ్గర వెతికాడు. ఏడాదంతా ఈ నిమిషం కోసమే కాచుకున్న మనిషి, తీరా అది వచ్చేసరికి తనని తానే తడుముకుంటూ నిలబడ్డాడు.

"తుపాకీ మీదేనా, ఎక్కడైనా దొరికిందా?"

"నాదేనండీ. మా మావయ్య ఇచ్చాడు."

"తాళం ఇవ్వడం మర్చిపోయాడా పాపం?"

క్యూలో వెనకనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. తార్‌ల సీజను మొదలైందంటే చాలు, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో పోలీసుల తుపాకీ కౌంటర్ ముందు తిరనాళ్ళే. తార్ అంటే కొండమేక. ఎప్పుడో హిమాలయాల నుంచి తెచ్చి ఇక్కడి కొండల మీద వదిలిపెట్టారు. ఆ మేకల్ని కొట్టడానికి దేశదేశాల నుంచి మగమహారాజులు దిగుతారు. అందరి ఒంటి మీదా ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కాలే. అడవిలో ఎవరి కంటా పడకూడదని కుట్టించుకున్న బట్టలు తొడుక్కుని, తెల్లటి పాలరాతి హాల్లో ట్యూబులైట్ల కింద పొదల్లా నిలబడతారు. వాళ్ళ తెలివి అలాంటిది, ఏం చేస్తాం.

ఆ పొదల్లో మన రోవన్ ఒక పొద. ఊరు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చార్లెవిల్. గొర్రెల దొడ్ల దగ్గర బోర్లు బాగుచేస్తాడు. ఎంత లోతులో ఉన్న నీళ్ళనైనా పైకి రప్పిస్తాడు కానీ, గొంతులో ఉన్న మాటని మాత్రం బయటికి రప్పించలేడు.

వాడు మెరెయానాని మొదట చూసింది రెండేళ్ళ కిందట, ఇదే కౌంటర్ దగ్గర. అప్పుడు నిజంగానే వేటకొచ్చాడు. తుపాకీని అద్దంలా తుడిచి తెచ్చాడు. బూట్లని మాత్రం దొడ్లో ఎలా విడిచాడో అలాగే సంచీలో పడేశాడు. ఈ దేశంలో తుపాకీకైనా దారిస్తారు గానీ పరాయి దేశపు మట్టికి ఇవ్వరు. పక్క బల్ల దగ్గర బూట్లు చూసే టోంగా దీవుల పెద్దాయన సెమిసి, వాటిని రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించాడు.

"తుపాకీ చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. బూట్లకేమో గొర్రెపేడ," అంది మెరెయానా తన సీట్లోంచే. "రెండిట్లో ఏది ఇంటి దగ్గర వదిలి రావాలో మీ ఊళ్ళో చెప్పేవాళ్ళే లేరా?"

బ్రష్షూ బకెట్టూ చేతికిచ్చారు. అందరూ చూస్తుండగా గొంతుక్కూర్చుని గీకాడు. తల తీసేసినట్టయింది. గీకుతూ గీకుతూ ఒకసారి తలెత్తి చూస్తే ఆమె నవ్వాపుకుంటోంది. బుగ్గ మీద చిన్న సొట్ట. అంతే, అయిపోయాడు. ఎవరికైనా ప్రేమ వెన్నెల్లోనో వానలోనో పుడుతుంది. ఈ మహానుభావుడికి పేడ గీకుతుండగా పుట్టింది.

పోనీ, ఆ రోజే ఫోన్ నంబరు అడిగితే పోయేది కదా? అడగలేదు. కిందటేడు మళ్ళీ తుపాకీ తీసుకుని దిగాడు. విదేశం నుంచి తుపాకీతో దిగినవాడు తప్ప ఆ కౌంటర్‌కి ఇంకెవరూ రాలేరు. అందుకని అక్కడి పోలీసుల్నీ ఇక్కడి పోలీసుల్నీ బతిమాలుకున్నాడు. బోల్టు వేరే తీశాడు, తూటాలు వేరే పెట్టెలో సర్దాడు, విమానంవాళ్ళు అడిగినప్పుడల్లా తుపాకీలో ఏమీ లేదని ఒట్టేశాడు. ఇంతా చేసి ఆమె ముందు నిలబడి వాడన్నది ఒకటే మాట: "ఇవాళ చలిగా ఉంది." ఆమె ఔనంది. ఆ ఒక్క ఔనుతో వారమంతా కొండల కిందున్న ఫెయిర్లీ ఊళ్ళో వాన చూస్తూ, మోటెల్ గదిలో మాంసం కూరి కాల్చిన పైలు తింటూ గడిపి ఇంటికెళ్ళిపోయాడు. కొండ మొహం కూడా చూడలేదు.

ఈసారి మాత్రం చెప్పి తీరాలనుకున్నాడు. విమానంలో పక్క సీటు ముసలావిడ ముందు రిహార్సలు కూడా వేసుకున్నాడు. ఆవిడ నిద్రపోయింది.

"దొరికిందండీ!" అన్నాడు తాళంచెవి పైకెత్తి.

పెట్టె తెరుచుకుంది. మెరెయానా చేతులకి తొడుగులు వేసుకుని తుపాకీ బయటికి తీసింది, లోపల ఏమీ లేదని చూసింది, నంబరు సరిపోల్చుకుంది.

"బాగానే తుడిచారు."

"మీరు చూస్తారని."

ఆ మాట నోరు జారి వచ్చేసింది. ఆమె కనుబొమ్మ ఒకటి లేచింది. ఇదే సమయం అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ..."

"చలిగా ఉంది," అని పూర్తిచేసింది ఆమె. "కిందటేడు కూడా చెప్పారు. వచ్చే ఏడాది ఈ కబురు ఇంకెవరికైనా చెప్పుకోండి."

"అదేంటి?"

"నాకు బదిలీ అయింది. సోమవారం నుంచి గిస్బర్న్‌లో డ్యూటీ, మా అమ్మ దగ్గర."

రోవన్ కౌంటర్ మీదికి వంగాడు. "అక్కడి ఎయిర్‌పోర్టులో కూడా తుపాకీ కౌంటర్ ఉంటుందా?"

"అక్కడ విదేశీ విమానాలే దిగవు. కౌంటర్ ఎందుకు? పైగా నేనెళ్ళేది పోలీసు స్టేషన్‌కి. మీరేదైనా దొంగతనం చేస్తే తప్ప కనపడను."

వీడు ఒక్క క్షణం దాని గురించి కూడా ఆలోచించాడంటే నమ్మండి.

ఈలోపు పక్క బల్ల దగ్గర సెమిసి వాడి సంచీ తెరిచాడు. ఒక బూటు తీశాడు. తిరగేశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని అడుగుభాగం మీద వేలితో రాశాడు.

"మెరెయానా, ఇలా చూడమ్మా."

"ఏంటి అంకుల్, మళ్ళీ పేడా?"

"పేడైతే నేనెందుకు పిలుస్తాను! దుమ్ము కూడా లేదు. ఇంకా కొట్టు వాసనే వస్తోంది. అడుగున ధర చీటీ కూడా ఊడలేదు."

"శుభ్రంగా ఉండాలని కొత్తవి కొన్నానండీ," అన్నాడు రోవన్ గర్వంగా. మెచ్చుకుంటారనుకున్నాడు పిచ్చి సన్నాసి.

క్యూలో జనం మెడలు చాచారు. వాడి వెనక నిలబడ్డ టెక్సాస్ పెద్దమనిషి వంగి బూట్ల వంకా, తర్వాత రోవన్ మొహం వంకా చూసి తల అడ్డంగా ఊపాడు.

తార్ ఉండేది రాళ్ళు జారే వాలుల మీద, మేక తప్ప ఇంకెవరూ నిలబడలేని చోట. అక్కడికి ఎక్కేవాడెవడూ కొత్త బూట్లతో ఎక్కడు. నెలల తరబడి తొడిగి, తోలు కాలికి అలవాటయ్యాకే తెస్తాడు. లేకపోతే రెండో పూటకే మడమ తోలు ఊడి మేజోడులోకి వచ్చేస్తుంది. ఇది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"అబ్బాయ్," అన్నాడు సెమిసి జాలిగా, "బూట్లు మురికిగా ఉన్నాయని చాలామందిని పట్టుకున్నాను. శుభ్రంగా ఉన్నాయని పట్టుకోవడం ఇదే మొదలు."

మెరెయానా మొహంలో నవ్వు పోయింది. తుపాకీని తన వైపుకి లాక్కుంది.

"మిస్టర్ రోవన్ ప్రెంటిస్, వేట ఎక్కడ?"

"గాడ్లీ లోయలోనండీ."

"గైడ్ ఎవరు?"

"గైడ్... లేడు."

"అంత దూరం ఎలా వెళ్తారు?"

"బస్సులో."

క్యూ మొత్తం ఘొల్లుమంది. టెక్సాస్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. గాడ్లీ లోయకి బస్సట! నదిలోంచి జీపుని ఈదించుకుంటూ పోవాలి అక్కడికి.

మెరెయానా మాత్రం నవ్వలేదు. "చూడండి. వేటకి కాకుండా ఇంకెందుకో ఒక మనిషి ఈ దేశంలోకి తుపాకీ తెచ్చాడంటే నాకది నవ్వులాట కాదు. బ్యాంకు కొట్టడానికా, ఎవరితోనైనా గొడవుందా, మీ ప్రాణం మీద మీకే విసుగొచ్చిందా? నాకు తెలియాలి. ఇంకో అబద్ధం ఆడారంటే ఈ తుపాకీ మళ్ళీ ఎప్పటికీ ఈ గడప దాటదు. నిజం చెబితే దాన్ని ఇక్కడే బీరువాలో పెట్టి, వెళ్ళేటప్పుడు ఇస్తాను. ఎందుకొచ్చారు?"

రోవన్ లెక్కలు వేసుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ వేటనే పట్టుకుని వేలాడితే, బహుశా ఎలాగో ఒకలా బయటపడతాడు. ఏదో ఒక గైడ్ పేరు చెప్పొచ్చు, క్యూలో ఎవరి కాళ్ళైనా పట్టుకుని వాళ్ళ జట్టులో చేరొచ్చు. కానీ సోమవారం తర్వాత ఈ మనిషి కనపడదు. ఆమె జ్ఞాపకంలో వాడు మిగిలేది బస్సులో వేటకెళ్ళే వెధవగానే.

"ఒక మనిషి కోసం వచ్చాను," అన్నాడు.

ఆమె చెయ్యి నడుము దగ్గరున్న వైర్‌లెస్ మీదికి వెళ్ళింది. "ఏ మనిషి?"

"అయ్యో, అలా కాదండీ! చంపడానికి కాదు!"

"మరి దేనికి?"

"మాట్లాడ్డానికి. మీతో." ఇక ఆగలేదు, బోరు తెగినట్టు తన్నుకొచ్చింది. "కిందటేడు కూడా నేను వేటాడలేదండీ. మోటెల్లో పైలు తిన్నాను. ఆ ముందేడు మీరు నా చేత పేడ గీకించారు కదా, అప్పటి నుంచీ ఇంతే. మీ కౌంటర్‌కి రావాలంటే తుపాకీ ఉండాలి. నా దగ్గర తుపాకీ ఉంది. అందుకని తెచ్చాను. నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. ఇదే నిజం. రాసుకోండి."

హాల్లో ఎక్కడో ఒక చక్రాల పెట్టె గరగరమంటూ వెళ్ళింది.

"నన్ను చూడ్డానికి," అంది మెరెయానా ఒక్కో మాటా తూచి, "ఆయుధం తీసుకొచ్చారు."

"అలా అంటే తప్పుగా వినిపిస్తుందండీ."

"ఎలా అన్నా తప్పుగానే వినిపిస్తుంది. ఎంతమంది పోలీసుల చేత సరే అనిపించుకున్నారు దీనికోసం?"

"అక్కడా ఇక్కడా కలిపి చాలామంది చేత."

"ఇంతమంది సరే అనాల్సి వచ్చింది. నన్ను మాత్రం ఒక్కసారి అడగలేకపోయారు?"

నిజానికి ప్రపంచంలో చాలామంది మగాళ్ళ దగ్గర దీనికి సమాధానం లేదు. కొండచిలువని చేత్తో పట్టుకుంటారు, రేకుల షెడ్డు మీద తుఫానులో నిలబడతారు, ఒక ఆడపిల్లని కాఫీకి వస్తావా అని అడగమంటే దాహం వేస్తుంది.

మెరెయానా తుపాకీ మళ్ళీ పెట్టెలో పెట్టింది. తాళం వేసి, చెవి పెట్టెకే కట్టి, వెనక ఇనప బీరువాలోకి తోసింది. "వెళ్ళే రోజు ఇక్కడున్నవాళ్ళు ఇస్తారు. మళ్ళీ తుపాకీతో ఈ దేశం రావాలని మాత్రం చూడకండి. ఎవరూ రానివ్వరు. నేనే రాసి పెడతాను." చేత్తో తలుపు చూపించింది. "తర్వాతివాళ్ళు రండి."

అయిపోయింది. కాళ్ళీడ్చుకుంటూ బూట్ల కోసం సెమిసి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆయన బూట్లు సంచీలో పెడుతూ, వాడితో కాదన్నట్టు గాల్లోకి చూస్తూ అన్నాడు.

"బదిలీ మార్చిలోనే అయింది ఈ అమ్మాయికి. తార్‌ల సీజను మొదలయ్యేదాకా ఆగుతానని పై అధికారుల్ని బతిమాలింది. ఎందుకమ్మా అంటే పని ఎక్కువుంటుంది అంకుల్ అంది. పనట! పర్మిట్ల జాబితాలో ఎవరి పేరు చూసిందో గానీ, పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగింది, క్వీన్స్‌లాండ్ నుంచొచ్చే బ్రిస్బేన్ విమానం దిగిందా అని."

"అంకుల్!" అని గట్టిగా అరిచింది మెరెయానా. చెవులు ఎర్రబడ్డాయి. టెక్సాస్ ఆయన తన పెట్టె తాళం తీయడం మానేసి నిలబడ్డాడు.

"మీరిద్దరూ తేల్చుకోండమ్మా," అన్నాడాయన మర్యాదగా. "మేకలు ఎక్కడికీ పోవు."

రోవన్ వెనక్కి తిరిగాడు. ఈసారి ఏ పెట్టే లేదు, ఏ తాళంచెవీ లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"క్యూలోకి రాకండి. మీకు ఇక్కడేం పనిలేదు," అంది ఆమె, వాడి వైపు చూడకుండా. తర్వాత గొంతు తగ్గించి, "బయట కూర్చోండి. నాకు రెండింటికి డ్యూటీ అయిపోతుంది," అంది.

బయట వాన. రోవన్ టాక్సీల దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆమె వచ్చినప్పుడు వాడు గుర్తుపట్టలేదు. యూనిఫాం లేదు. పసుపురంగు రెయిన్‌కోటు. అంతకంటే ముఖ్యం, మనిషి వాడి గుండెల దాకా కూడా లేదు.

"కౌంటర్ వెనక ఎత్తు పీట ఉంటుంది," అంది మొహం చిట్లించి. "ఇష్టం పోయిందా?"

"లేదండీ."

"వినండి. రేపు నేను కారేసుకుని గిస్బర్న్ వెళ్తున్నాను. అది ఉత్తరాన ఇంకో దీవి, మధ్యలో ఓడ ఎక్కాలి. సామాన్లు చాలా ఉన్నాయి, తోడెవరూ లేరు. మీకు ఎలాగూ వారం రోజులు పని లేదు కదా."

"వస్తాను! కానీ మీ అమ్మగారు ఏమంటారో? ముక్కూమొహం తెలియని మనిషిని వెంటేసుకొచ్చావేంటని..."

"మా అమ్మకి మీ పేరు తెలుసు, మీ ఊరు తెలుసు. కిందటేడు మీరు చలిగా ఉందన్న సంగతి కూడా తెలుసు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే గోల, ఆ క్వీన్స్‌లాండ్ అబ్బాయి ఈ ఏడైనా నోరు విప్పుతాడా, లేకపోతే నువ్వే అడుగుతావా అని. ఇంట్లో నా పరువు తీసేశారు మీరు."

"మరి మీరెందుకు అడగలేదు?"

రెండేళ్ళుగా ఆమె దగ్గర కూడా దీనికి సమాధానం లేదు. వాన వైపు చూసింది.

"భయమేసింది," అంది చివరికి. "సరదాగా వేటకొచ్చి పోయేవాడేమో అనుకున్నాను."

వాడికి ఆ పొట్టి మనిషి మీద, ఇంత పదునైన నోరు పెట్టుకుని ఇన్నాళ్ళూ తనలాగే వణికిన ఆ మనిషి మీద, ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. గొంతు సవరించుకోలేదు. రిహార్సలు వేసుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం, మెరెయానా."

"అది లోపలే చెప్పావుగా."

"లోపల చెప్పింది పోలీసుకి. తప్పించుకోలేక చెప్పాను. ఇప్పుడు ఎవరూ అడగలేదు."

ఆమె ఏదో ఎకసెక్కం ఆడబోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడి చెయ్యి పట్టుకుని వానలోకి, కారు వైపు లాక్కుపోయింది.