బ్రష్షులు తుడిచిన గోడ

"నేను వెళ్ళిపోతున్నానమ్మా! ఇంక ఒక్క పూట కూడా ఈ ఇంట్లో ఉండను!"

కూతురు బట్టలను మడతైనా పెట్టకుండా పెట్టెలో కుక్కేస్తోంది. అల్లుడు అద్దె ఇల్లు చూడటానికి అప్పుడే వెళ్ళిపోయాడు. మంచం మూల ఆరేళ్ళ మనవరాలు మోకాళ్ళలో తల దాచుకుని వెక్కుతోంది. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఆమె చేతిలో ఇంకా ఆ గుడ్డ ఉంది... కిరసనాయిలు వాసన కొడుతున్న గుడ్డ!

తప్పు చేశానని ఆమెకు తోచనే లేదు మరి! గేటుకు వేయగా మిగిలిన ఎర్రరంగు డబ్బా తీసి, పిల్ల పెరటి గోడ మీద ఏదో పూసింది. రంగు అంచులు దాటింది. కిందికి ధారలు కట్టింది. అది చూసిన ఆమె చెయ్యి ఊరుకోలేదు. పిల్ల "వద్దమ్మమ్మా" అంటూ ఏడుస్తూనే ఉంది, ఆమె తుడుస్తూనే ఉంది.

ఊరుకోవడం ఆ చేతికి ఏనాడు అలవాటు గనుక! పోయిన ఏడు కన్నుమూసిన ఆమె భర్త కొట్లకు బోర్డులు రాసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒంటరిగా ఇంట్లో ఉండలేక ఆయన వెంట వెళ్ళడం మొదలుపెట్టింది. సుద్దపొడి రాసిన దారానికి ఒక కొస ఆయన, ఒక కొస ఆమె. మధ్యలో వేలితో లాగి వదిలితే టప్పున తెల్లటి గీత పడేది! ఆ సుద్ద దుమారం మొహాన పడితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వుకున్న మధ్యాహ్నాలు... ఎంత బాగుండేవి ఆ రోజులు! ఆయన అక్షరం రాసి నిచ్చెన దిగగానే ఆమె ఎక్కేది. భుజాన వేసుకున్న గుడ్డతో, అంచు దాటిన రంగును వెంట్రుకవాసి కూడా వదలకుండా తుడిచేది. "రాసేది ఆయన, దిద్దేది ఆవిడ" అని కొట్లవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పే ఆమె కొంప ముంచింది! బోర్డుల మీద దిద్దిన చెయ్యి ఇంటికొచ్చినా ఆగలేదు. కూతురు బొమ్మ వేస్తే చాలు, "ఇల్లు పక్కకి వాలిందే, ఉండు" అంటూ రబ్బరు అందుకునేది.

"నేను బొమ్మలు ఎందుకు మానేశానో తెలుసా నీకు?" కూతురు పెట్టె మూత దబ్బున వేసింది. "నా సంగతి సరే. దీన్ని కూడా నాలా చేస్తానంటే చూస్తూ ఊరుకోను!"

"మంచికేగా తల్లీ... బాగా రావాలనేగా..."

"నీ కంటికి బాగుండేదాకా తుడిస్తే ఎవరికీ ఏమీ మిగలదమ్మా!"

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అప్పుడు మనవరాలు తలెత్తి, ముక్కు ఎగబీలుస్తూ అంది:

"పిట్టని నేను వెయ్యలేదమ్మమ్మా... అది అక్కడే ఉంది. నేను ఒట్టి రంగే వేశాను."

"ఏ పిట్టే?"

పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే ఆయన బ్రష్షులు తుడుచుకున్న గోడ అది! పసుపు మీద నీలం, నీలం మీద ఆకుపచ్చ, పెచ్చులు కట్టేంత మందంగా రంగులు. "ఇది ఇల్లా, సంతా?" అని ఆమె ఎన్నిసార్లు పోరలేదు! ఇల్లంతా సున్నం వేయించినా ఆ ఒక్క గోడనూ ఆయన ముట్టనిచ్చేవాడు కాదు.

"దగ్గర్నుంచి కాదు, ఇక్కడ నించో" అంటూ పిల్ల ఆమెను బట్టలుతికే బండ దాకా నడిపించింది.

ఆమె చూసింది. అన్ని రంగుల మధ్య ఒక్కచోట మాత్రం గోడ ఖాళీగా ఉంది. ఆ ఖాళీకి ఒక వీపు, ఒక తోక... వంకరపోయిన ఒక ముక్కు!

కాపురానికొచ్చిన కొత్తలో, ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు, ఆయన బ్రష్షు తీసి ఆ గోడ మీద నీలంతో ఒక పిట్టను వేసింది తాను. ముక్కు వంకరగా వచ్చింది. సిగ్గేసి, ఆయన తిరిగొచ్చేలోగా తుడిచేసింది. పిట్ట ఆకారంలో మరక మిగిలిందంతే! "అయ్యో, ఎందుకు తుడిచావు?" అంటూ ఆయన పెరటి గుమ్మంలోనే ఆగిపోయాడు. మళ్ళీ ఆమె బ్రష్షు ముట్టుకోలేదు.

వెనకే వచ్చిన కూతురు మెల్లగా అంది: "చిన్నప్పుడు ఒకసారి ఆ ఖాళీలో బ్రష్షు తుడవబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడమ్మా. 'అక్కడ మీ అమ్మ పిట్ట ఉంది, దాని మీద వద్దు' అన్నాడు. నీకు తెలుసనుకున్నాను..."

"నాకెప్పుడూ చెప్పలేదే! చెబితే దాని మీద కూడా సున్నం కొట్టిస్తానని భయపడ్డారేమోనే..." ఆమె బండ మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తాను తుడిచేసుకున్న దాన్ని ఆయన జీవితాంతం కాపాడుకుంటూ వచ్చాడు. ఎదురుగా ఉన్నా తాను ఒక్కనాడూ చూడలేదు!

కాసేపటికి కళ్ళొత్తుకుని, "నన్ను కూడా వెయ్యనిస్తావా?" అని మనవరాలిని అడిగింది.

"తుడవవుగా?"

"తుడవను. ఇదిగో, గుడ్డ నీ దగ్గరే పెట్టుకో."

పిల్ల దాన్ని కిందేసి, దాని మీద గట్టిగా కూర్చుంది. "గౌను!" అనబోయి అమ్మమ్మ నోరు కట్టేసుకుంది.

దారం లేదు, గీత లేదు. ఎరుపు అంచు దాటి ఆయన పసుపు మీదికి పాకింది. అలవాటుగా ఆమె చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. వంకర, వంకర అని లోపలి నుంచి ఎవరో అంటూనే ఉన్నారు. ఆమె బ్రష్షును మళ్ళీ రంగులో ముంచింది. రెక్క వేసింది. ముక్కును మాత్రం వంకరగానే ఉంచింది.

"అమ్మా, కారుతోంది!" అంది కూతురు, తనకు తెలియకుండానే.

"కారనీవే... ఆయనుంటే చూసి ఎంత నవ్వేవారో!"

కూతురు నవ్వబోయి ఏడ్చేసింది. తల్లి చేతిలోంచి బ్రష్షు అందుకుని తోక దగ్గర తానూ ఒక గీత గీసింది. గీసి, బెరుగ్గా తల్లి మొహంలోకి చూసింది. తల్లి రంగు డబ్బాను ఆమె దగ్గరికి జరిపింది.

"నీ అల్లుడికి ఫోన్ చేసి ఇంటికి వచ్చెయ్యమంటాను. కానీ ఆ బట్టలు మడతపెట్టకుండానే బీరువాలో పడేస్తా. నోరెత్తకూడదు!"

"నేనేం అనను తల్లీ..."

చీకటి పడబోతుండగా అందరూ లేచారు. పిల్ల ఆలోచించి, ఆలోచించి, చివరికి గుడ్డను అమ్మమ్మకు అందించబోయింది. ఆమె తీసుకోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, పిట్టకు ఆనుకుని ఉన్న ఆయన రంగుల మీదే, ఆయన తుడిచినట్టే, తన బ్రష్షు తుడుచుకుంది.