నల్లపొడిలో బంగారమెంత?

"ఆగండి! మేడమ్... ఆగండి!"

ఆమె ఆగదు.

మెట్లు. మలుపు. మళ్ళీ మెట్లు. వెనక సెక్యూరిటీ ఆఫీసర్ బూట్ల చప్పుడు. ల్యాబ్ కోటు జేబులో గాజు సీసా తొడకి కొట్టుకుంటోంది.

స్టోర్స్‌లోంచి ఎత్తుకొచ్చిన సీసా! పన్నెండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో కెమిస్టు. పెన్సిల్ ముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి.

భయం వేయాలి. వేయడం లేదు.

తమ్ముడు పోయి పదకొండు రోజులు. వాడు నడిపే రియాక్టర్ పేలింది. 'ఆపరేటర్ అజాగ్రత్త వల్ల వేడి మితిమీరింది' అని రిపోర్టు. చదివింది. మడిచి పెట్టింది. అన్నం తింది. పడుకుంది. ఏడుపు రాలేదు.

ఒక్కటే మింగుడుపడలేదు. ఆ రియాక్షన్‌ని నడిపించే కేటలిస్ట్ బంగారం. కార్బన్ పొడికి పట్టించిన బంగారం. అరవై డిగ్రీలకే పని మొదలెడుతుంది. మరి వాడు నూటయాభైకి ఎందుకు పెంచాడు?

బంగారం లేకపోతేనే!

ఎవరో ఆ బంగారం పట్టించిన పొడి కాజేసి, వేరే ఏదో నింపి ఉంటే? చూడ్డానికి అదీ నలుపే. కంటికి తేడా తెలియదు.

కారిడార్ చివర లోహాలు పరీక్షించే మిషన్ రూమ్. తోసుకుని లోపలికి. గొళ్ళెం!

అనలిస్ట్ ఉలిక్కిపడతాడు. తమ్ముడి ప్రాణస్నేహితుడు. పదకొండు రోజులుగా పూటపూటా ఫోన్ చేసి, తిన్నావా అక్కా అని అడుగుతున్నవాడు.

"ఏంటక్కా ఇది!"

"స్టోర్స్‌లో మిగిలిన కేటలిస్ట్. ఇందులో బంగారం ఉందా, లేదా? అంతే చెప్పు. ఎంతసేపు?"

"అరగంట..."

"కానివ్వు."

ధన్! ధన్! తలుపు అదురుతుంది.

"మేడమ్! గేట్‌పాస్ లేకుండా సరుకు తీస్తే దొంగతనమే! తెరవండి!"

అనలిస్ట్ సీసా అందుకుంటాడు. మూత తిప్పుతాడు.

"పాపం, వాడికేం తెలుసక్కా... రాగితో అరవై డిగ్రీల్లో రియాక్షన్ కదలదు కదా. కదలట్లేదనే వేడి పెంచుంటాడు."

ఆమె మిషన్ వైపు చూస్తుంది.

ఇంకా ఆన్ కూడా చేయలేదు!

"రాగి అని నేననలేదురా."

అతను సీసా వెనక్కి దాచుకుంటాడు.

"వెండి కావచ్చు. ఉత్త బొగ్గు కావచ్చు. రాగని నీకెలా తెలుసు?"

"అక్కా... నేను సంతకం పెట్టానంతే! బంగారం ఉందని రాసిచ్చానంతే! మార్చింది మేనేజర్. అది వాడి షిఫ్ట్‌కే వస్తుందని నాకు..."

మాట తెగుతుంది. ఒక్క ఉదుటున సింక్ వైపు! కుళాయి తిప్పేస్తాడు. సీసా వంచేస్తున్నాడు...

ఆమె అతని మణికట్టు పట్టుకుంటుంది. తిట్టదు. అరవదు. ఒక్కో వేలూ విడదీసి సీసా లాక్కుంటుంది.

సగం పోయింది. సగం ఉంది. చాలు.

వెళ్ళి గొళ్ళెం తీస్తుంది.

సెక్యూరిటీ ఆఫీసర్ రొప్పుతూ నిలబడ్డాడు. "ఆ సీసా ఇలా ఇచ్చేయండి మేడమ్. మేనేజర్ గారే ఫోన్ చేశారు... కేసూ గీసూ వద్దు, సర్దేద్దాం అన్నారు."

"సర్దడానికి వీల్లేదు."

"మీ మంచికే చెబుతున్నా..."

"దొంగసొత్తు దొరికితే పోలీసులు ఏం చేస్తారు? సీలు వేసి పరీక్షకి పంపుతారు. అవునా?"

అతను సీసా కోసం చెయ్యి చాస్తాడు.

సీసాని గుండెకి ఆనించుకుని, ఆమె ఫోన్ తీస్తుంది.

"పోలీస్ స్టేషనా? ఫ్యాక్టరీలో దొంగతనం జరిగిందండీ... ఆఁ, సరుకు కూడా ఇక్కడే ఉంది... దొంగ ఎవరా?"

ఆమె అనలిస్ట్ వైపు తిరుగుతుంది.

"నేనే."